ఫార్మాటుదేముంది, మార్చుకోవచ్చు!

తెలుగు మాటని కంప్యూటరుకి నేర్పించే పనిలో ఉన్నవాళ్ళ మధ్య కూర్చుంటే రోజుకి నాలుగుసార్లయినా వినపడే మాట ఒకటుంది: "ఫార్మాటుదేముంది, మార్చుకోవచ్చులే." ఒకరు అటకమీద దొరికిన క్యాసెట్ల నుంచి ఎక్కించిన ఎంపీ3లు తెస్తారు. ఇంకొకరు వాట్సాప్‌లో వచ్చిన వాయిస్ మెసేజీలు తెస్తారు. మరొకరు జూమ్‌లో చేసిన ఇంటర్వ్యూ తెస్తారు. అన్నిటికీ మందు ఒకటే: 16 వేల హెర్ట్‌జ్, మోనో, 16 బిట్, వేవ్ ఫైలు. ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత ప్రోగ్రాముకి ఒక్క లైను రాసిస్తే వేల ఫైళ్ళు మనం టీ తాగొచ్చేలోపు ఆ రూపంలోకి దిగిపోతాయి. నేనూ ఆ మాట అన్నవాణ్ణే. అనడమే కాదు, ఆ లైను రాసినవాణ్ణి. దాని కింద ఇంకో లైను కూడా రాశాను. మార్చడం అయిపోయాక అసలు ఫైలుని తుడిచెయ్యమని.

ఈ వ్యాసం ఆ రెండో లైను మీద.

సాహిత్యపత్రికలో ఈ ఇనపసామాను గోలేమిటని మీకనిపించొచ్చు. పద్యంలో ఒక్క అక్షరానికి పాఠాంతరం దొరికితే ఏళ్ళ తరబడి వాదించుకునే అలవాటున్నవాళ్ళం మనం. బ్రౌన్ దొర వేమన పద్యాల కోసం ఊళ్ళ నుంచి తాటాకు ప్రతులు తెప్పించి, పండితుల్ని కూర్చోబెట్టి, ఒకదాన్నొకటి పోల్చి చూశాడని గొప్పగా చెప్పుకుంటాం. ఆయన శుద్ధప్రతి రాయించాక పాత తాటాకులన్నీ పొయ్యిలో పెట్టించాడనుకోండి, ఏమనేవాళ్ళం? ఒక ముసలామె నోటి కథ విషయంలో మనం సరిగ్గా ఆ పనే చేస్తున్నాం. ఏ ధ్వని ఉండాలో ఏది పోవాలో ఎక్కడో ఎవరో పెట్టిన డిఫాల్ట్ సెట్టింగుకి వదిలేసి, ఆపైన మూలప్రతిని తగలబెడుతున్నాం. దీనికి 'కన్వర్షన్' అని పేరు. నన్నడిగితే ఇది పరిష్కరణ. కాకపోతే పరిష్కర్త పేరు అట్టమీద ఉండదు.

కొంచెం లెక్క చెప్పుకోక తప్పదు. మైకు ముందు గాలి ఎంత కదిలిందో సెకనుకి ఇన్నిసార్లని కొలిచి, ఆ అంకెలు వరసగా రాసుకోవడమే డిజిటల్ రికార్డింగు. ఎన్నిసార్లు కొలిచామో అందులో సగం ఫ్రీక్వెన్సీ దాకానే ధ్వని మనకి దక్కుతుంది. నైక్విస్ట్ పేరుమీద చెప్పే సూత్రం ఇదే. సీడీకి సెకనుకి 44,100 కొలతలు. మాటల గుర్తింపు మోడళ్ళు అడిగేది 16,000, అంటే 8,000 హెర్ట్‌జ్ పైన ఉన్నదంతా పోతుంది. టెలిఫోనుకి 8,000 కొలతలే. 1972లో ప్రమాణంగా వచ్చిన జి.711 పద్ధతి ఇది, ఇప్పటికీ వాడుకలో ఉంది. అందులో 4,000 పైన ఏమీ లేదు. నిజానికి పాత టెలిఫోను లైను మోసేది 300 నుంచి 3,400 హెర్ట్‌జ్ వరకే. ఫోనులో మన పేరు స్పెల్లింగు చెప్పేటప్పుడు 'ఎస్ ఫర్ శ్రీకాకుళం' అని విడమర్చాల్సి వచ్చేది అందుకే. 'స' అనేటప్పుడు పుట్టే ఈల ఎక్కువభాగం 4,000 పైనే ఉంటుంది. ఆడవాళ్ళ గొంతులో, పిల్లల గొంతులో అది 8,000 కూడా దాటిపోతుంది. 3,400 దాటనివ్వని తీగలో 'స'కీ 'ఫ'కీ తేడా మిగలదు.

అచ్చులకి టెలిఫోను చాలు. హ్రస్వదీర్ఘాలు కాలానికి సంబంధించినవి, వాటికేం కాదు. ల-ళ, న-ణ తేడాలు కూడా బాగానే బతుకుతాయి, వాటిని పట్టించే గుర్తులు 4,000 లోపే ఉంటాయి. దెబ్బ తగిలేది ఊష్మాలకి, వాటికన్నా ఎక్కువగా ఇంకో జంటకి. చాప, చుక్క, చోటు అనేటప్పుడు నాలిక పళ్ళ దగ్గరికి పోతుంది. చీమ, చెట్టు, చేను అనేటప్పుడు అంగిలి వైపుకి జరుగుతుంది. ఇవి రెండు వేరు వేరు చ-లని చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణం సంజ్ఞా పరిచ్ఛేదంలోనే విడదీసి పెట్టాడు. బ్రౌన్ నిఘంటువులోనూ ఆ తేడా గుర్తించాడు. 2008లో యూనికోడ్ ౘ, ౙ అక్షరాలకి చోటిచ్చింది. ఇంత చేసినా ఇవాళ అచ్చులో ఆ రెంటినీ ఎవరూ వాడరు, వాడమని నేనూ అనను. కానీ రాతలో లేని తేడా బతికుండేది నోట్లోనే కదా. ఆ నోటిని కూడా 4,000 దగ్గర కోసేస్తే దంత్య చ-లోని 'స'లాంటి రాపిడి పైనెక్కడో ఉండిపోతుంది, కిందికి వచ్చేసరికి రెండు చ-లూ దగ్గరదగ్గరగా వినపడతాయి. రేపు ఇంకెవరైనా ఈ రెండు చ-లు తెలుగునేలమీద ఎక్కడెక్కడ ఎలా మారాయో చూడాలనుకుంటే, మన దగ్గరున్న వేల గంటల ఫోను రికార్డింగులు వాళ్ళకి అబద్ధం చెప్తాయి.

అబద్ధమని ఊరికే అనట్లేదు. ఫోను రికార్డింగుని 16 వేలకి 'పెంచి' మిగతావాటిలో కలిపేసేవాళ్ళు బోలెడుమంది. మంచి కంపెనీల్లో చదువుకున్నవాళ్ళు కూడా చేస్తారు. నీళ్ళపాలని పెద్దగిన్నెలో పోస్తే చిక్కబడతాయా? ఫైలు సైజు రెట్టింపవుతుంది, లోపలున్నది పాత టెలిఫోనే. పేరు చూస్తే 16 వేలు, తెరిచి గ్రాఫు గీస్తే 4,000 పైన నల్లటి ఖాళీ. దించేటప్పుడు ఇంకో రకం పాపం. 48 వేల ఫైలుని 16 వేలకి దించాలంటే ముందు పైభాగాన్ని వడగట్టి తర్వాత కొలతలు తగ్గించాలి. ఆ వడపోత మానేసి, మూడు అంకెల్లో ఒకటుంచి రెండు పారేసే పైతాన్ కోడు నేను కళ్ళారా చూశాను. రాసినతను 'చిన్న పనికి లైబ్రరీ ఎందుకు' అన్నాడు. అలా చేస్తే 10,000 దగ్గరున్న ఈల పోదు, మడతపడి 6,000 దగ్గరికొచ్చి కూర్చుంటుంది. లేని ధ్వని పుడుతుంది. తాటాకు ప్రతిలో లేఖకుడు సొంతపద్యం కలపడం లాంటిదన్నమాట. ఆ లేఖకుడికి కనీసం ఛందస్సు తెలుసు.

ఎంపీ3 కథ వేరు. మన చెవికి ఏది వినపడదో లెక్కగట్టి దాన్ని పారేస్తుంది. గట్టి శబ్దం పక్కనున్న మెల్లటి శబ్దం మనకి తెలియదు కాబట్టి అది అనవసరమంటుంది. పాటలు వినడానికి ఇది నిజంగా గొప్ప ఊహ, నేనేమీ ఆ ఇంజనీర్ల మీద కోపంగా లేను. కానీ మోడలుకి మన చెవి లేదు. పైగా ఎంపీ3 చేసిన ప్రతిసారీ ఫైలు మొదట్లో కొంత ఖాళీ చేరుతుంది. బాగా వాడుకలో ఉన్న లేమ్ అనే ఎన్‌కోడరుతో అయితే, విప్పేటప్పుడు కలిసేదాంతో కలిపి, 1,105 కొలతలు. 44,100 లెక్కన అది 25 మిల్లీసెకన్లు. కొన్ని ప్రోగ్రాములు విప్పేటప్పుడు దాన్ని కత్తిరిస్తాయి, కొన్ని వదిలేస్తాయి. ఎవరో వేవ్ ఫైలు విని మాట ఎక్కడ మొదలైందో గుర్తు పెడతారు, ఇంకెవరో అదే గుర్తుని ఎంపీ3 మీద వాడి కోస్తారు. మాటగుర్తింపు పద్ధతులు మామూలుగా ధ్వనిని చూసే కిటికీ వెడల్పే 25 మిల్లీసెకన్లు. 'ప'కీ 'బ'కీ తేడా తేలేదీ ఆ పాటి వ్యవధిలోనే.

వేవ్ అని పేరుంటే నిఖార్సైనదనుకోవడం ఇంకో భ్రమ. వేవ్ అనేది 1991లో మైక్రోసాఫ్ట్, ఐబీఎమ్ కలిసి చేసిన డబ్బా మాత్రమే. అందులో ముడి కొలతలుండొచ్చు, టెలిఫోను వాళ్ళ కుదింపు ఉండొచ్చు, ఆఖరికి ఎంపీ3 కూడా ఉండొచ్చు. నెయ్యి డబ్బాలో ఊరగాయ పెట్టుకోని ఇల్లుంటుందా మనకి!

ఇక నా నేరం సంగతి.

కొన్నేళ్ళ కిందట ఒక స్వచ్ఛంద బృందంలో చేరాను. పేరు అనవసరం, అందులో అందరూ మంచివాళ్ళు, తప్పు ముఖ్యంగా నాది. కడప జిల్లాలో ఊళ్ళు తిరిగి పెద్దవాళ్ళ మాటలు రికార్డు చెయ్యాలి, వాటినుంచి మాటల గుర్తింపుకి పనికొచ్చే డేటా తయారుచెయ్యాలి. చిన్న రికార్డరు, రెండు కాలర్ మైకులు. ఒకటి చెప్పేవాళ్ళకి, ఒకటి పక్కన కూర్చుని ఊఁ కొట్టేవాళ్ళకి. రెండు మైకులూ స్టీరియోలో చెరోవైపు, 44,100 లెక్కన. 61 గంటలు పోగయ్యాయి. ఫీల్డుకి వెళ్ళిన పిల్లలు ఎండలో తిరిగి తెచ్చారు. నేను హైదరాబాదులో ఏసీ గదిలో కూర్చుని స్క్రిప్టు రాశాను.

స్క్రిప్టు ఏం చేసిందో చెప్తాను. స్టీరియోని మోనోగా కలిపింది. రెండు మైకులు పెట్టిందే గొంతులు విడిగా ఉండాలని, దాన్ని ఒక్క ఆప్షనుతో కలిపేశాను. కలిపాక ఇద్దరి గొంతులూ ఒకదానిమీద ఒకటి పడ్డ ముక్కలు 'శుభ్రంగా లేవని' పక్కకి తీసేసింది. 16 వేలకి దించింది. మౌనం ఎక్కువుందని, పదో వంతు సెకను దాటిన ప్రతి నిశ్శబ్దాన్నీ కుదించింది. ఇక్కడ ఆగాలి. 'అటు'కీ 'అట్టు'కీ తేడా ఏమిటి? ద్విత్వాక్షరం పలికేటప్పుడు నాలిక గట్టిగా మూసుకుని కాసేపు ఆగుతుంది. ఆ ఆగిన కాలమే ద్విత్వం. చెవికి అది ఉత్త నిశ్శబ్దం. నిదానంగా కథ చెప్పే మనిషి నోట్లో అది 0.14 సెకన్లుందని తర్వాత కొలిచి చూసుకున్నాను. అంటే నా స్క్రిప్టు అట్టుని అటు చేసేసింది. రాతలో మాత్రం వినేవాళ్ళు సందర్భాన్నిబట్టి 'అట్టు' అనే రాశారు. మోడలు ఏం నేర్చుకోవాలి పాపం? అప్పట్లో దాని తప్పులు చూసి 'తెలుగు కష్టమైన భాషండీ, ద్విత్వాల దగ్గర తడబడుతుంది' అని ఒక సభలో స్లైడు కూడా వేశాను.

తర్వాత స్క్రిప్టు ఒక్కో రికార్డింగునీ 15 సెకన్లు దాటని ముక్కలుగా నరికింది. ముక్కకో అర్థంలేని నంబరు ఇచ్చి, వరస కలిపేసింది. పాట వచ్చిన ముక్కలకి 'సంగీతం' అని గుర్తు పెట్టి తీసేసింది. ఆఖర్న, అద్దె సర్వరులో చోటు చాలదని, మూలాన్ని తుడిచింది. రికార్డరులోని కార్డు అప్పటికే ఖాళీ చేసి ఇంకో ఊరికి వాడేశారు. అన్నీ సర్వరులో భద్రంగా ఉన్నాయని నేనే చెప్పాను మరి.

ఏడాదిన్నర తర్వాత ఒకమ్మాయి ఫోను చేసింది. ఫీల్డులో పనిచేసిన పిల్లాడి దగ్గర నా నంబరు తీసుకుందట. "అన్నా, మా జేజి చనిపోయి నెలయింది. ఆ పొద్దు మీవాళ్ళు వచ్చినప్పుడు జేజి కథ మొత్తం చెప్పింది, ఊఁ కొట్టింది నేనే. అది ఒకసారి వినల్లనుంది. ఆ ఫైలుంటే పంపించన్నా." ఫీల్డు నోటుబుక్కు తిరగేస్తే ఉంది, 47 నిమిషాలు, మధ్యలో పాటలతో నడిచే కథ. నా దగ్గరున్నదేమిటి? వేల ముక్కల కుప్ప. గొంతు పోలికని బట్టి వెతికే ప్రోగ్రాము ఒకటి నాలుగు రోజులు నడిపాను. 231 ముక్కలు దొరికాయి, మొత్తం 26 నిమిషాలు. కథ నాకు తెలియదు కాబట్టి వరస ఊహించి అతికించాను. పాటలు లేవు. ఊఁ అన్న గొంతు ఎక్కడా లేదు. పంపించాను. రెండు రోజుల తర్వాత మెసేజి వచ్చింది: "పాట యాడుందన్నా?"

ఈ కథ ఎక్కడ చెప్పినా మావాళ్ళనుంచి వచ్చే జవాబులు నాకు కంఠతా వచ్చేశాయి.

మొదటిది చోటు. సీడీ నాణ్యతలో స్టీరియో గంటకి 635 ఎంబీ పడుతుంది. 61 గంటలకి 39 జీబీ లోపే. 16 వేల మోనో అయితే గంటకి 115 ఎంబీ, మొత్తం 7 జీబీ. అంటే ఆ జేజి పాటని చంపి నేను మిగిల్చింది 32 జీబీ. కీచైనుకి తగిలించుకునే పెన్ డ్రైవులో పట్టేది. పైగా ఫ్లాక్ అని ఒకటుంది, 2001 నుంచీ ఉంది, ఉచితం. ఒక్క కొలత కూడా పోకుండా దాదాపు సగానికి కుదిస్తుంది. విప్పితే అక్షరం పొల్లుపోకుండా మూలమే వస్తుంది. కాబట్టి చోటు మాట నా దగ్గర ఎత్తకండి.

రెండోది, మోడలుకి 16 వేలు చాలు కదా అని. చాలు, ఒప్పుకుంటాను. ఓపెన్ఏఐ వాళ్ళ విస్పర్ 2022లో వచ్చింది, 6,80,000 గంటల ధ్వనితో నేర్పించారు, అదీ 16 వేలే వాడుతుంది. కానీ గమనించారా, దానికి మీరు ఏ ఫార్మాటు ఇచ్చినా చదివేటప్పుడు తనే ఎఫ్ఎఫ్‌ఎంపెగ్‌ని పిలిచి లోపల దించుకుంటుంది. అంతకుముందు అందరం వాడిన కాల్డీలో కూడా ఫైలు పేరుకి బదులు ఒక కమాండు రాసిపెట్టొచ్చు, చదివే క్షణంలోనే మార్పిడి జరిగిపోతుంది. మార్చిన ఫైలుని డిస్కుమీద పెట్టుకోవాల్సిన పనే లేదు, మూలాన్ని తుడవాల్సిన పని అసలే లేదు. మోడలుకి చాలు అన్నది వాడకానికి సంబంధించిన నిజం. దాన్ని తీసుకొచ్చి భద్రపరచడానికి నియమం చేశారు, అక్కడే పేచీ.

ఇంగ్లీషువాళ్ళ ఉదాహరణే చూడండి. లిబ్రివాక్స్ వలంటీర్లు చదివిన పుస్తకాల ఎంపీ3ల నుంచి 2015లో లిబ్రిస్పీచ్ అని సుమారు వెయ్యి గంటల డేటా తయారైంది. 16 వేలు, ఫ్లాక్. ప్రపంచమంతా దానిమీదే మోడళ్ళు పోల్చుకుంది. తర్వాత కంప్యూటరు చేత మాట్లాడించే పనికి అది చాలదని తేలింది. 16 వేలు తక్కువ, వాక్యాలు సరైనచోట తెగలేదు, రాతలో విరామచిహ్నాల్లేవు. ఏం చేశారు? 2019లో మళ్ళీ వెనక్కి వెళ్ళి, లిబ్రివాక్స్ మూల ఎంపీ3లు, గుటెన్‌బర్గ్ మూల పుస్తకాలు తీసుకుని 24 వేలతో, వాక్యాల వారీగా తెగేలా, 585 గంటల లిబ్రిటీటీఎస్ చేశారు. వెనక్కి వెళ్ళడానికి వెనక ఏదో ఉంది కాబట్టి వెళ్ళారు. ఆ ఎంపీ3లు కూడా కుదించినవే, పరమ పవిత్రమేమీ కాదు. అయినా ఉన్నాయి. నాలుగేళ్ళలోనే అవసరం మారిపోయింది చూడండి. మా స్క్రిప్టు నడిచిన రోజు 'పాట అనవసరం' అని తీర్మానించిన నాకు నాలుగేళ్ళ తర్వాత ఏది అవసరమవుతుందో ఎలా తెలుసు?

మూడో జవాబు కొంచెం గట్టిది. ఊళ్ళో ఫోను కుదింపుల మధ్యే జనం మాట్లాడతారు, మోడలు ఆ చెత్త ధ్వనికే అలవాటు పడాలి అంటారు. నిజమే. అందుకే మంచి ఫైళ్ళని కావాలని పాడుచేసి నేర్పించడం మామూలు. కానీ ఆ దారి ఒకవైపే. 44,100 నుంచి టెలిఫోనుని ఎప్పుడైనా తయారుచేసుకోవచ్చు, టెలిఫోను నుంచి 44,100ని ఎవడూ తయారుచెయ్యలేడు. ఇప్పుడు ఏఐ పైభాగాన్ని ఊహించి నింపుతుంది కదా అంటారేమో. నింపుతుంది, ఎక్కువగా విన్న గొంతులని బట్టి నింపుతుంది. కడప జేజి చ-ని ఎవరి చ-తో నింపుతుందో మీరే ఆలోచించుకోండి.

నాలుగోది గోప్యత. ముక్కలు చేసి వరస కలిపేది మనిషిని గుర్తుపట్టకుండా ఉండటానికేనని. దీనికి నేను తల వంచుతాను, బయట అందరికీ ఇచ్చే ప్రతికి అది న్యాయమే. కానీ ఆ మనిషి ఇంటివాళ్ళకి ఒక పూర్తి కాపీ ఇవ్వడానికి ఏ గోప్యత అడ్డొచ్చింది? సంతకం పెట్టించుకున్న కాగితంలో వాళ్ళ హక్కులన్నీ మనకి ఎలా వస్తాయో నాలుగు పేరాలు రాశాం. వాళ్ళ గొంతు వాళ్ళకి ఎలా ఇస్తామో ఒక్క ముక్క లేదు. మైకు తీసేముందు కార్డునుంచి ఒక పెన్ డ్రైవులోకి ఎక్కించి చేతిలో పెట్టి రావడానికి పది నిమిషాలు పట్టదు.

'అసలు రికార్డింగులే లేనిచోట నీ శుద్ధివాదం ఏమిటి' అని ఒక పెద్దాయన నన్ను కోప్పడ్డారు. ఆయనకి నా జవాబు: వాట్సాప్ మెసేజి అయినా సరే రికార్డు చెయ్యండి, ఏమీ లేనిదానికన్నా వెయ్యి రెట్లు నయం. గ్రియర్సన్ భాషల సర్వేకి తోడుగా 1913 నుంచి 1929 దాకా చేసిన గ్రామఫోను రికార్డులు చికాగో విశ్వవిద్యాలయం వాళ్ళ వెబ్‌సైట్లో ఇవాళ వినొచ్చు. గరగరలాడతాయి, నాణ్యతలో మన చవక ఫోనుకి కూడా సరిపోవు. వాటిని ఎవరూ 'ఇప్పటి అవసరానికి' ముక్కలు చెయ్యలేదు కాబట్టి వందేళ్ళు నిలిచాయి. నేనడిగేది నాణ్యత కాదు. వచ్చిన ఫైలు ఎలా వచ్చిందో అలాగే, వాట్సాప్ ఓపస్ అయితే ఓపస్‌గానే, ఎంపీ3 అయితే ఎంపీ3గానే ఉంచమని. దాన్ని వేవ్ చేసి మూలాన్ని పారేస్తే సైజు పెరగడం తప్ప ఒరిగేదేమీ లేదు, అది ఏ దారిన వచ్చిందో చెప్పే ఆనవాలు కూడా పోతుంది.

ఇంతసేపూ మావాళ్ళని తిట్టాను కాబట్టి మీరు నిశ్చింతగా చదివుంటారు. సాహిత్యంవాళ్ళకీ కొంచెం ఉంది. కథకుల ఇంటర్వ్యూలు, కవుల స్వీయపఠనాలు నెట్లో వందలున్నాయి. వాటికి ముందొక వీణ, వెనకొక వీణ, కవి గొంతు మొదలయ్యాక కూడా పది సెకన్లు వదలని ఫ్లూటు. కలిపేశాక విడదీయలేం. వీణ లేని ఫైలు ఏమైందని అడిగితే 'ఎడిటింగ్ చేసినబ్బాయి దగ్గరుండాలి' అంటారు. ఆ అబ్బాయి లాప్‌టాప్ మార్చి మూడేళ్ళయింది. జూమ్‌లో మాట్లాడించి, అది రొద అనుకుని మింగేసిన వాక్యాంతాలతో సహా అచ్చేస్తారు. యూట్యూబులో పెట్టాం, భద్రంగా ఉంది అంటారు. యూట్యూబు మనందరికీ వినిపించేది తను మళ్ళీ కుదించుకున్న ప్రతిని. అది గ్రంథాలయం కాదు, షాపు అద్దం. పుస్తకం ప్రూఫులో ఒక అరసున్న పోతే ఫోను చేసి అరిచే సంపాదకులు, అదే రచయిత గొంతు 32 కిలోబిట్ల ఎంపీ3లో నీళ్ళలోంచి మాట్లాడుతున్నట్టుంటే 'అర్థమవుతోంది కదండీ' అంటారు. అర్థమవడానికే అయితే రాత చాలుగా, గొంతెందుకు?

(మాటని రాతలో పెట్టేటప్పుడు 'వచ్చినాడు'ని 'వచ్చాడు' చేసే రోగం గురించి రాయాలని ఎప్పట్నుంచో ఉంది. అది దీనికి అన్నగారు. ఇంకోసారి.)

నా స్క్రిప్టులో ఇప్పుడు తుడిచే లైను లేదు. మూలం ఉన్న ఫోల్డరుకి రాసే అనుమతి తీసేశాను, నేను కావాలన్నా పొరపాటున చెరపలేను. ప్రతి ఫైలు పక్కన చిన్న టెక్స్టు ఫైలు ఒకటి: ఏ పరికరం, ఏ ఫార్మాటు, ఎవరు తెచ్చారు, తర్వాత ఏమేం చేశాం. స్టీరియో స్టీరియోగానే ఉంటుంది. పాట పాటగానే ఉంటుంది, ఊఁ కూడా. మా బృందంలో దీనికి ఇద్దరు ఒప్పుకున్నారు, ముగ్గురు చాదస్తమన్నారు, మిగతావాళ్ళు 'ఫార్మాటుదేముందిలే' అన్నారు. కిందటి నెల ఇంకో బృందం నుంచి మెయిల్ వచ్చింది. దాదాపు 200 గంటల పల్లెమాటలు సిద్ధంగా ఉన్నాయట, 16 వేల మోనోకి మార్చి ఇస్తారా అని. మారుస్తాను, కానీ మూలాలు ఎక్కడున్నాయో ముందు చెప్పండని రాశాను. ఇంకా జవాబు రాలేదు.